తెరుచుకోని వెనక కిటికీ

ప్రతి చిన్న విషయానికీ తనతో పేచీ పెట్టుకునే మనిషి, ఈ ఒక్క బండి విషయంలో ఒక్క మాటకే ఎందుకు ఒప్పుకున్నాడు?

మూడు రోజులుగా అద్దాలాయన తనను తాను అడుగుతున్న ప్రశ్న అదే. వీధిలో అందరికీ ఆయన అద్దాలాయనే. ఇరవై ఆరేళ్ళుగా కిటికీ గాజులూ నిలువుటద్దాలూ బిగిస్తున్నవాడికి వేరే పేరు అవసరం పడలేదు. కొట్టు ముందు రెండు పికప్ బండ్లు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఒకటి తమది, పాతది. రెండోది షోరూంవాళ్ళు మూడు రోజులు నడిపి చూసుకోమని వదిలి వెళ్ళిన కొత్తది. అదే కంపెనీ, అదే పేరు, కానీ రూపం పూర్తిగా మార్చేశారు. సాయంత్రం ఆరింటికి షోరూం మనిషి వస్తాడు. ఈయన అవునంటే పాత బండిని తోలుకుపోతాడు, కాదంటే కొత్తదాన్ని.

కొట్టుకు యజమానులు ముగ్గురు. అద్దాలాయన బండి నడుపుతాడు, గాజు బిగిస్తాడు. ఆయన భార్య గాజు కోస్తుంది. ఆమె తమ్ముడు కొలతలు తీస్తాడు, పలకలు మోస్తాడు, బండిలో పక్క సీట్లో కూర్చుని దారి పొడుగునా మాట్లాడతాడు. ముగ్గురూ సంతకం పెడితే తప్ప పెద్ద వస్తువేదీ కొనకూడదన్న నియమం పెట్టింది అద్దాలాయనే. ఇప్పుడు రెండు సంతకాలు పడిపోయాయి. కాగితం మీద మూడో గీత ఖాళీగా ఆయన వంక చూస్తోంది.

చేతి తొడుగుల రంగు గురించి ఒకసారి నలభై నిమిషాలు వాదించాడు ఈ బావమరిది. నలుపైతే మురికి కనబడదని ఈయన, మురికి కనబడాలనే తెలుపు కొనాలని వాడు. అలాంటివాడు ఇంత పెద్ద బండిని చూసి, "బాగుంది బావా, తీసుకుందాం" అని ఊరుకున్నాడు. మనిషి నోట అలవాటు లేని మాట వస్తే, ఆ మాట వెనక ఇంకేదో ఉంటుంది. అద్దాలాయనకు అక్కడే ముల్లు గుచ్చుకుంది.

ముందు రోజు మధ్యాహ్నం ముగ్గురూ కూర్చుని బండి మంచిచెడ్డలు తూచారు. కోతలో మిగిలిన గాజు ముక్క మీద భార్య మైనపు పెన్సిలుతో నిలువు గీత గీసి, ఒక వైపు మంచి, ఇంకో వైపు చెడు అని రాసింది.

"ఎత్తు తక్కువ," అంది ఆమె, ఎవరినీ అడక్కుండానే రాస్తూ. "పాత బండిలోకి పలక ఎక్కించాలంటే భుజం దాకా లేపాలి. ఇది నడుము దగ్గరే ఆగుతుంది. కాదన్నవాళ్ళు రేపటినుంచి నా బదులు వచ్చి మోయండి."

"కమాను పట్టీలు మెత్తన," అన్నాడు తమ్ముడు. "గుంతలో పడ్డా ఎముకలు ఎక్కడివక్కడే ఉంటాయి."

"మెత్తనైతే బండి ఊగుతుంది. బండి ఊగితే గాజు నిలబెట్టే చట్రం ఊగుతుంది. అది చెడు వైపు రాయి," అన్నాడు అద్దాలాయన.

"ఒకే గుణాన్ని రెండు వైపులా ఎలా రాస్తామండీ?"

"రాయి. చాలా గుణాలు అలాంటివే."

"అదిగో, బావ మొదలెట్టాడు. పొద్దున్నే పుస్తకం పట్టుకున్న రోజున ఈయనతో బేరం పెట్టుకోకూడదు."

"మీటలన్నీ తీసేసి తెర పెట్టారు. చలిగాలి కావాలన్నా తెరనే బతిమాలాలి. చెడు."

"బతిమాలడం నీకు అలవాటు లేదుగా, నేర్చుకుంటావ్."

"చక్రాల గూళ్ళు లోపలికి ఉబ్బాయి. చట్రం కాళ్ళు సర్దుకోవాలంటే రెండు వేళ్ళ మందం కోయించాలి."

"కోయిస్తాం. బండికోసం చట్రం కాళ్ళు కోస్తాం గానీ చట్రంకోసం బండి మానుకుంటామా?"

అద్దాలాయన అన్నిటికంటే బరువైనదాన్ని చివరికి తీశాడు. "వెనక కిటికీ తెరుచుకోదు. రబ్బరు పెట్టి బిగించేశారు. చెంచా వినబడదు. నాకు ఈ ఒక్కటి చాలు."

ఆ చెంచా సంగతి చెప్పాలి. గాజు పలకలను బండి వెనక ఏటవాలు చట్రానికి ఆనించి నిలబెట్టి, ఉన్ని గుడ్డ చుట్టిన చెక్క చీలలు కొట్టి బిగిస్తారు. చీల బిగువుగా ఉన్నంతసేపూ గాజు కదలదు. కుదుపులకు వదులైందా, పలక ఇంత ఇంత ఊగుతుంది, ఆ ఊగుడు రెండు వీధులు దాటేలోపు అంచు పగులుతుంది. అందుకని అద్దాలాయన ఒక స్టీలు చెంచాను దారానికి కట్టి, పలకకు వెంట్రుకవాసి దూరంలో వేలాడదీస్తాడు. పలక కదిలితే చెంచా దానికి తగిలి టింగుమంటుంది. తెరిచిన వెనక కిటికీలోంచి ఆ చప్పుడు డ్రైవరు చెవిలో పడుతుంది. బండి ఆపి, చీల బిగించి, మళ్ళీ కదలడం. ఈ పద్ధతి ఆయన సొంతం. ఇన్నేళ్ళలో దారిలో పగిలిన పలకలు ఒక చేతి వేళ్ళకు మించలేదని ఆయన గర్వం. పైకి చెప్పుకోడు గానీ, అది లేనట్టూ నటించడు.

చెంచా పేరెత్తగానే అక్కాతమ్ముళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇంకా చెంచా ఏమిటి బావా," అన్నాడు వాడు, గొంతు కొంచెం ఎక్కువ తేలిక చేసుకుని. "కెమెరా ఉంది కదా. వెనక చీమ పాకినా తెర మీద కనబడుతుంది. నువ్వు నడుపుతూనే చూసుకోవచ్చు. చెవితో పనే లేదు."

భార్య మంచి వైపు కెమెరా అని రాసి, దాని కింద గీత కూడా గీసింది.

అద్దాలాయన మంచినీళ్ళకోసం లోపలికి వెళ్ళి తిరిగి వస్తుంటే, గుమ్మం అవతల ఇద్దరి పెదవులూ కదులుతున్నాయి. ఆయన నీడ పడగానే ఆగాయి. ఏమనుకున్నారో వినబడలేదు. గుసగుసలు కాబోలనుకున్నాడు.

అనుమానం అంతటితో కుదురుగా కూర్చోలేదు. సాయంత్రం షోరూం మనిషి ఫోన్ చేశాడు. ఆ మనిషి నిద్రలో కూడా నవ్వుతూనే ఉంటాడని అద్దాలాయన గట్టి నమ్మకం. "మీ బావమరిదిగారు అన్నీ తెలుసుకునే ఉన్నారండీ," అన్నాడతను. "మా దగ్గరికి మూడుసార్లు వచ్చారు. ముఖ్యంగా ఆ కెమెరా..." తక్కిన మాటలు ఫోన్‌లో అలుక్కుపోయాయి. మూడుసార్లు మాత్రం స్పష్టంగా వినబడింది. ఒక్కసారి కూడా తనతో చెప్పలేదే!

ఫోన్ పెట్టేసి ఆయన నేరుగా మొక్కలు అమ్మే ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఆ కొత్త రకం బండి కొని ఎనిమిది నెలలు నడిపిన మనిషి అతనొక్కడే. అతను కుండీల మధ్యనుంచే చెయ్యి ఊపి, "కళ్ళు మూసుకుని కొనేయండి సార్" అన్నాడు. దేన్నైనా కళ్ళు మూసుకుని కొనమన్నవాణ్ణి అద్దాలాయన నమ్మడు. పైగా, కొనేసినవాడి సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుంది? అతను మెచ్చుకుంటున్నది బండినా, బండిని ఎంచుకున్న తన తెలివినా? తప్పు కొన్నానని ఒప్పుకోవడం కంటే తప్పు బండిని పదేళ్ళు నడపడం సులువు.

తిరిగి వస్తూ అదే ప్రశ్నను తన మీదికి తిప్పుకున్నాడు. తనది మాత్రం నిష్పాక్షికమా? పాతదాన్ని పొగిడేవాడు కూడా తన ఎంపికనే పొగుడుకుంటున్నాడు కదా. అంతవరకూ నిజాయితీగానే ఆలోచించాడు. కానీ, షోరూంవాడు బావమరిది చేతిలో ఏదో పెట్టాడన్న ఊహ దగ్గరికి వచ్చేసరికి ఆ నిజాయితీ పక్కకు తప్పుకుంది. పద్దెనిమిదేళ్ళు పక్క సీట్లో కూర్చున్న మనిషి అమ్ముడుపోతే, ఇక కొట్టులో కలిసి ఉండటం దేనికి? బండి కొనాలా వద్దా అన్నది చిన్న ప్రశ్న అయిపోయింది. వీణ్ణి ఇంకా నమ్మవచ్చా అన్నది అసలు ప్రశ్న.

మూడోరోజు ఉదయం మందుల షాపు ముందు గోడకు నాలుగు పెద్ద పలకలు అందించాల్సి ఉంది. అద్దాలాయన ఒక పరీక్ష ఆలోచించాడు.

"రెండు పలకలు కొత్తదాంట్లో, రెండు పాతదాంట్లో. ఒకే దారి, ఒకే చెంచా. ఏది మేలో దారే చెబుతుంది."

"దారి నీ పక్షమే చెబుతుందిలే, నీకు పాత స్నేహం," అన్నాడు బావమరిది. కానీ హుషారుగానే మోశాడు. కొత్త బండిలోకి పలక ఎక్కించడం నిజంగానే సులువైంది. భార్య చేతులు దులుపుకుని భర్త వంక చూసింది.

కొత్త బండి లోపల దిండులో తల దూర్చినట్టుంది. ఇంజను ఉందో లేదో తెలియలేదు. గతుకుల వీధిలోకి మళ్ళాక అద్దాలాయన చెవులు రిక్కించాడు.

"చూశావా? పిసరంత చప్పుడు కూడా లోపలికి రావట్లేదు. చెంచా మోగినా మనకి తెలీదు."

బావమరిది ఆ మాట చెవిన వేసుకోలేదు. తెరలోకి తల పెట్టినంత పని చేసి చూస్తున్నాడు.

"బావా, గాజేది?"

"వెనకే ఉంటుంది. దిగి నడిచి పోతుందా?"

"కాదు. తెర మీద లేదు. కనబడట్లేదు."

అద్దాలాయన బండి పక్కకు ఆపి చూశాడు. తెర మీద చట్రం ఉంది, తాళ్ళు ఉన్నాయి, చట్రం గుండా వెనక వీధీ, వీధిలో ఒక కుక్కా శుభ్రంగా కనబడుతున్నాయి. గాజు మాత్రం లేదు. అంత మంచి గాజు అది. ఇద్దరూ దిగి వెళ్ళి పలకల మీద చేతులు వేసి చూశారు. ఉన్నాయి, చెక్కు చెదరలేదు. మళ్ళీ వచ్చి తెర చూస్తే మళ్ళీ ఖాళీ చట్రం.

"షోరూంలో చెక్క పలక నిలబెట్టి చూపించాడు," అన్నాడు బావమరిది. "చెక్క... చెక్కైతే ఎంత బాగా కనబడిందో."

వాడి ముఖం వాడిపోయింది. తెర మీద వెలుతురు పెంచాడు, తగ్గించాడు, చొక్కా అంచుతో తుడిచాడు. ఒక బండి లోపం బయటపడితే ఇంత దిగులెందుకు? చేతికి రావలసింది ఏదో జారిపోయిన మనిషి ముఖం అది. అద్దాలాయన లోపల అనుకున్నాడు: సరే, ఇక తేలిపోతుంది.

రెండో విడత పాత బండిలో. బావమరిది తాళ్ళకోసం లోపలికి వెళ్ళినప్పుడు అద్దాలాయన ఒక పని చేశాడు. బిగించిన నాలుగు చీలల్లో ఒకదాన్ని సగం బయటికి లాగాడు. గతుకుల్లో చెంచా గణగణా మోగాలి. తను బండి ఆపి, "విన్నావా? ఇదీ బండి అంటే" అనాలి. అది మోసం కాదు, రుజువు అని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకోవలసి వచ్చిందంటే అందులో కొంత మోసం ఉన్నట్టేనని కూడా ఆయనకు తెలుసు.

వెనక కిటికీ బార్లా తెరిచి బయలుదేరారు. పాత బండి తన మామూలు గొడవంతా చేస్తోంది. గతుకుల వీధి వచ్చింది. ఆయన చెంచాకోసం ఎదురుచూశాడు. రాలేదు. చీలను తగినంత లాగలేదేమో అనుకుని, ఒక గుంతను వెతికి మరీ అందులోకి దింపాడు. చెంచా మోగలేదు. పక్కన వాడు కబుర్లు ఆపేసి సీటు అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"బావా, ఆపు. టీ తాగుదాం."

అద్దాలాయన అటూ ఇటూ చూశాడు. ఒక పక్క గోదాము గోడ, పొడుగ్గా, కనుచూపు మేర. రెండో పక్క మురుగు కాలవ.

"ఇక్కడ టీ ఎక్కడిదిరా? కాలవలో కాస్తున్నారా?"

"ముందెక్కడో ఉంటుందిలే. ముందు ఆపు!"

ఆపాడు. బావమరిది తలుపు వేయకుండానే వెనక్కి పరిగెత్తాడు. పక్క అద్దంలోంచి అద్దాలాయన చూస్తున్నాడు. వాడు వెతకలేదు. నాలుగింటిలో ఆ ఒక్క చీల దగ్గరికే వెళ్ళి, అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి బిగించాడు. తరువాత ఇంకా ఊగుతున్న చెంచాను రెండు వేళ్ళతో, పసిపిల్ల పెదవులు మూసినంత మెల్లగా పట్టుకుని ఆపాడు.

చెంచా మోగింది. దారంతా మోగుతూనే ఉంది.

అద్దాలాయన స్టీరింగు మీది చేతులు తీయలేదు. ఏడాదిగా, ఇంకా పైనే, వాడు టీ అన్న చోట్లన్నీ ఒక్కొక్కటిగా కళ్ళ ముందుకు వచ్చాయి. వంతెన నడుమ. బడి గోడ పక్కన. పెట్రోలు బంకులో, నిప్పు ముట్టించరాని చోట. టీకొట్టు దొరికితే టీ చెప్పేవాడు గానీ తాగేవాడు కాదు. "తాళ్ళు చూసొస్తా" అని వెళ్ళేవాడు, తిరిగొచ్చేసరికి చల్లారిపోయేది. మీ తమ్ముడికి టీ పిచ్చి ముదిరిందని తను వెక్కిరిస్తే, భార్య గాజు మీదినుంచి తల ఎత్తకుండా, "అలవాటైపోయింది లెండి" అనేది.

దిగి వెనక్కి నడిచాడు. బావమరిది చెంచా వదిలేసి తాడు సర్దుతున్నట్టు నటించాడు. అద్దాలాయన చెంచాను వేలితో వెనక్కి లాగి వదిలాడు. అది గాజుకు తగలడం కళ్ళారా చూశాడు. తగిలిన చప్పుడు లేదు. ఇంకోసారి. దగ్గరికి వంగి, చెవి దాదాపు గాజుకు ఆనించి ఇంకోసారి. ఎక్కడో చాలా దూరంలో, వేరే ఎవరి బండిలోనో మోగినట్టు, సన్నగా.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏంటి బావా?"

"టీ ఎన్నాళ్ళనుంచి?"

"ఏడాదిన్నర. మాటలు నీకు బానే వినబడతాయి. ఈ సన్న చప్పుళ్ళే... ముందు అక్క కనిపెట్టింది. గాజు కోసే కలం సరిగ్గా పడకపోతే ఆ చప్పుడు నువ్వు లోపలి గదిలోంచే వినేవాడివంట, 'మళ్ళీ గియ్యి' అనేవాడివంట. తర్వాత్తర్వాత చెత్త కోతకి కూడా బాగుందనడం మొదలెట్టావు. కావాలని రెండుసార్లు తప్పు గీసి చూసిందంట. టీ అనమని తనే చెప్పింది."

"నాతో చెప్పడానికేం?"

"చెబితే నువ్వు ఆ క్షణమే స్టీరింగు వదిలేస్తావు. నీ సంగతి తెలీదా? వదిలేసి ఏం చేస్తావు? పుస్తకాలు ముందేసుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటావ్. కెమెరా ఉంటే కళ్ళతోనే నడిపేస్తావనుకున్నా. అందుకే మూడుసార్లు తిరిగా. ఆ దరిద్రప్పెరకి గాజు కనబడదని నాకేం తెలుసు!"

"తెరకి," అన్నాడు అద్దాలాయన.

"అదే, తెరకి! కోపంలో నోరు తిరగలేదు."

కాలవ వాసన వేస్తోంది. అద్దాలాయన చీల మీద చెయ్యి వేశాడు. "దీన్ని వదులు చేసింది నేనే."

"తెలుసు. నువ్వు కొట్టిన చీల ఎప్పుడైనా వదులైందా? చెంచా మోగగానే నువ్వే లాగి ఉంటావనుకున్నా. ఎందుకో అర్థం కాలేదు."

"షోరూంవాడు నీకేదో ఇచ్చాడనుకున్నాను."

బావమరిది నోరు తెరిచి ఆయన వంక చూశాడు. కోపగించుకుంటాడేమో అనిపించింది. "ఇచ్చాడు," అన్నాడు చివరికి. "తాళంచెవుల గొలుసు. అదీ అక్క తీసేసుకుంది."

నవ్వు రావలసిన చోట అద్దాలాయనకు సిగ్గు వచ్చింది. మూడు రోజులుగా తను విన్న చప్పుళ్ళన్నీ లేనివి: వాడి మౌనంలో, అక్కాతమ్ముళ్ళ చూపుల్లో, ఒక ముఖం వాడిపోవడంలో. ఉన్న చప్పుడొక్కటే, వెనక మోగుతున్న చెంచా. అది మాత్రం వినలేదు. చెవి మందగించడం వయసు చేసిన పని, అందులో తన తప్పు లేదు. ఇది మాత్రం తను చేసినదే.

బండి సంగతి ఇప్పుడు తేలికగా తేలిపోయింది. గాజు పగిలాక కంటికి కనబడుతుంది. పగలకముందు చెవికే తెలుస్తుంది. ఆ చెవి బండిలోనే ఉంది, ఏడాదిన్నరగా పక్క సీట్లో కూర్చుని టీ అడుగుతోంది. బండి మార్చనక్కర్లేదు. మారవలసింది సీట్లు.

జేబులోంచి తాళంచెవి తీసి బావమరిది చేతిలో పెట్టాడు.

"నడుపు."

"బావా, తొందరపడకు. చెవికి మిషను పెట్టుకుంటే..."

"అదీ పెట్టుకుంటాను. ఈ పలకలు అంతవరకూ ఆగవు."

"మరి అక్క నడుము? ఆ బండి ఎత్తు తక్కువని ఎంత సంబరపడిందో చూశావుగా."

అద్దాలాయన దానికీ బదులు వెతుక్కున్నాడు. చట్రాన్ని బండి లోపల కాకుండా బయట పక్కకు, మోకాలి ఎత్తున బిగించవచ్చని వెల్డరు నాలుగేళ్ళ కిందటే చెప్పాడు. "కాదన్నది నేనే. చెంచా నా చెవికి దూరమౌతుందని. నీ చెవికి ఆ దూరం ఒక లెక్కా? మధ్యాహ్నమే వెల్డరు దగ్గరికి వెళదాం."

వాడింకా కదలకపోయేసరికి, ఆయనే చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. మధ్యలో ఒక గుంట ఉంది, వేరొకరి ఒంటికి అమరినది. బావమరిది ఎక్కి, సీటు ముందుకు జరుపుకుని, అద్దాలు సరిచేసుకున్నాడు. అద్దాలాయన ఫోన్ తీసి షోరూం మనిషికి కలిపాడు.

"మీ బండి మంచిదే. మా గాజు దానికి కనబడదు. ఆరు దాకా ఆగక్కర్లేదు, వచ్చి తీసుకెళ్ళండి."

అవతలి గొంతు ఏదో అంటోంది. ఇదివరకైతే ఊకొట్టి పెట్టేసేవాడు. ఇప్పుడు ఫోన్‌ను బావమరిది చెవికి ఆనించాడు.

"ఏమంటున్నాడో విని చెప్పు."

వాడు విన్నాడు. "నవ్వుతున్నాడు బావా."

"నవ్వనీ. నువ్వు పోనీ."

బండి కదిలింది. వెనక కిటికీ తెరిచే ఉంది.